కౌన్సిలర్ గారి భర్త ఫోను ఎత్తితే

ప్రశ్న: అయ్యా, నమస్కారం. మా పుట్టిల్లు శ్రీకాకుళం. నాకు ముప్పై మూడేళ్లు. ఓటు వచ్చిన దగ్గర నుంచి ఎమ్మెల్యేకు, ఎంపీకి ఓటు వేశాను గాని, కౌన్సిలర్‌కు ఓటు వేసే అవకాశం ఒక్కసారీ రాలేదు. మూడేళ్ల కిందట విజయనగరం జిల్లాలోని ఒక మున్సిపల్ పట్టణంలో ఇల్లు కట్టుకుని ఇక్కడికి వచ్చేశాం. నా ఓటు ఇంకా పుట్టింట్లోనే ఉంది. మా వీధి కాలువ సగంలో ఆగిపోయింది. గట్టి వాన పడితే మా గుమ్మం ముందు మోకాలి లోతు నీళ్లు. మా వార్డు కౌన్సిలర్ ఒక మహిళ. ఎప్పుడు ఫోను చేసినా ఆమె భర్తే ఎత్తుతారు. “చూద్దాం అమ్మా, పాత పనులకే బిల్లులు రావడం లేదు” అంటారు. పక్కింటివాళ్లేమో “మీరు ఏ పార్టీ అని అడుగుతారు, చూసుకుని వెళ్లండి” అన్నారు. మా అత్తగారు “మనకెందుకమ్మా” అంటున్నారు. అసలు కౌన్సిలర్ పని ఏమిటి? ఏ పార్టీలోనూ చేరకుండా మాలాంటివాళ్లు చేయగలిగింది ఏమైనా ఉందా?
— ఒక పాఠకురాలు, విజయనగరం జిల్లా

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం చదువుతూ ఓటు సంగతి దగ్గర ఆగిపోయాను. పట్టణంలో పుట్టి పెరిగిన మనిషి, ముప్పై దాటిన మనిషి, తన వీధి కోసం ఒక్కసారి కూడా ఓటు వేయలేదు. ఇందులో మీ తప్పేమీ లేదు. శ్రీకాకుళం పాలకవర్గం గడువు 2010లో ముగిసింది. ఆ తర్వాత 2014లోనూ 2021లోనూ పుర ఎన్నికలు వచ్చాయి. పలాస-కాశీబుగ్గలో జరిగాయి, ఇచ్ఛాపురంలో జరిగాయి. జిల్లా కేంద్రంలో మాత్రం శివారు పంచాయతీల విలీనం, వార్డుల విభజన అంటూ చిక్కుముడి పడి జరగలేదు. మధ్యలో 2015లో మున్సిపాలిటీ కాస్తా కార్పొరేషన్ అయింది. హోదా పెరిగింది గాని కుర్చీల్లో కూర్చునే మనుషులు రాలేదు. పురపాలక సంఘం గడువు ఐదేళ్లనీ, అది తీరేలోపే ఎన్నికలు పెట్టాలనీ రాజ్యాంగంలో 243-యు అధికరణం చెబుతోంది. 1993 జూన్ 1 నుంచి అది అమల్లో ఉంది. అమలు అన్న మాటకు మన దగ్గర అర్థాలు చాలా ఉన్నాయి లెండి.

కాబట్టి కౌన్సిలర్ అంటే ఎవరో, ఎందుకో మీకు తెలియకపోవడంలో వింతేమీ లేదు. నేను పురపాలక కార్యాలయంలో గుమస్తాగా చేరి మేనేజరుగా రిటైరైనవాణ్ని. కౌన్సిల్ సమావేశానికి అజెండా కాగితాలు కుట్టి ఇంటింటికీ పంపడం, సమావేశంలో మూలన కూర్చుని మినిట్స్ రాయడం, అంటే ఎవరేం అడిగారో, ఏం తేలిందో పుస్తకంలో రాయడం, చాలా ఏళ్లు నా పని. ఆ మూల నుంచి కనిపించిందే చెబుతాను.

కౌన్సిలర్ బలమంతా నోట్లో ఉంది, చేతిలో లేదు. చాలామంది ఈ ఒక్క విషయం దగ్గరే పొరబడతారు. కాలువ శుభ్రం చేసే కార్మికుడికి పని పురమాయించేది శానిటరీ ఇన్‌స్పెక్టర్. కాలువ కట్టాలంటే కొలతలు తీసి ఎస్టిమేటు వేసేది ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజినీరు. ఇంటి ప్లాను చూసేది టౌన్ ప్లానింగ్ వాళ్లు. వీళ్లందరూ జవాబు చెప్పుకునేది కమిషనర్‌కు, ఆ కమిషనర్‌ను పంపేది రాష్ట్ర ప్రభుత్వం. వార్డుకు ఇంత అని బడ్జెట్‌లో రాసుకున్నా, బిల్లు పాసయ్యేది కమిషనర్ సంతకంతోనే. కౌన్సిలర్ ఫోను చేస్తే మేస్త్రీ పరుగెత్తుకొస్తాడంటే అది పరపతి, అధికారం కాదు. పార్టీ మారినా, కమిషనర్ మారినా ఆ పరపతి కరిగిపోతుంది.

మరి ఆమెకు ఏముంది? ఒక గది ఉంది. ఆ గదిలో ఆమె అడిగితే అధికారి లేచి సమాధానం చెప్పాలి. ఊరి బడ్జెట్ పాసయ్యేది అక్కడ. సంత ఆశీల వేలం ఎంతకు పోయిందో, మున్సిపల్ దుకాణాలు ఎవరికి లీజుకు వెళ్లాయో, ఏ పనికి ఎంత మంజూరైందో అన్నీ ఆ బల్ల మీదికి రావలసిందే. చైర్‌పర్సన్‌ను ఎన్నుకున్నది కూడా ఈ కౌన్సిలర్లే. ఆమె ఓటు లేకపోతే ఆ కుర్చీ లేదు.

నా సర్వీసులో ఒక పెద్దాయన ఉండేవారు. చదువు ఐదో తరగతి. గట్టిగా మాట్లాడడం, బల్ల గుద్దడం ఎరుగరు. ప్రతి సమావేశంలో ఒకే ఒక్క విషయం అడిగేవారు: తన వార్డులో కూలిన కల్వర్టు. అడిగి, అధికారి ఏదో చెప్పాక, కూర్చోబోతూ నా వైపు తిరిగి “రాసుకున్నారా, గుమస్తా గారూ?” అనేవారు. మిగిలినవాళ్లు నవ్వేవారు. మరుసటి సమావేశంలో పాత మినిట్స్ చదివినప్పుడు ఆయన మళ్లీ లేచేవారు: “పోయినసారి పదిహేను రోజులన్నారు. అందులో రాసి ఉంది.” నాలుగో సమావేశానికి ముందే ఏఈ ఎస్టిమేటు పట్టుకొచ్చాడు. అదే కౌన్సిల్‌లో గొంతు చించుకుని మాట్లాడి, పేపర్లో ఫోటో వేయించుకుని, పని మాత్రం సాధించలేకపోయిన వాళ్లనీ చూశాను. తేడా గొంతులో లేదు, ఆ మినిట్స్ పుస్తకాన్ని వదలకపోవడంలో ఉంది.

ఇక కౌన్సిలర్ గారి భర్త సంగతి. మన రాష్ట్రంలో పుర స్థానాల్లో సగం మహిళలకే. కాగితం మీద ఎంత గొప్ప మాటో! చాలా వార్డుల్లో గెలిచింది ఆమె, ఫోను ఆయనది, లెటర్‌హెడ్ ఆయన జేబులో. దీనికి నాకు తెలిసిన మందు ఒకటే. ఆయనతో గొడవ పడకండి, ఆయనను దాటి వెళ్లండి. అర్జీ మీద ఆమె పేరు, ఆమె హోదా రాయండి. ఫోను చేస్తే “అయ్యా, కౌన్సిలర్ గారిని కలవాలి, ఎప్పుడు ఇంట్లో ఉంటారు?” అని మాత్రమే అడగండి. నలుగురు ఆడవాళ్లు కలిసి వెళ్లండి. నలుగురు ఆడవాళ్లు గుమ్మంలో నిలబడితే ఆమె బయటికి రాక తప్పదు. వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, ముందు బెరుకుగా కూర్చుని, రెండోసారి కలిసినప్పుడు ఏఈకి తానే ఫోను చేసి గట్టిగా అడిగిన కౌన్సిలర్లను నేను ఎరుగుదును. ఎవరూ ఏమీ అడగనంత కాలం ఆమెకు మాట్లాడే పని ఏముంటుంది?

ఆయన చెప్పిన “బిల్లులు రావడం లేదు” అన్న మాట అబద్ధమని అనుకోకండి. చాలాసార్లు అది నిజమే. చేసిన పనులకు డబ్బు నెలల తరబడి అందకపోతే కాంట్రాక్టరు కొత్త టెండరు వైపు చూడడు. కానీ ఆ మాట విని మీరు వెనక్కి తిరిగితే సంభాషణ అక్కడితో అయిపోతుంది. ఒక్క ప్రశ్న వేయండి: “మా కాలువకు ఎస్టిమేటు వేశారా?” వేయలేదంటే, డబ్బు సంగతి ఇంకా రానే లేదన్నమాట, ముందు ఏఈ టేపు పట్టుకుని మీ వీధికి రావాలి. వేశారంటే, ఎంతకు వేశారు, ఏ నిధుల్లోంచి, మున్సిపల్ సాధారణ నిధా, ఆర్థిక సంఘం నిధులా? మంజూరు అయిందా? అయితే టెండరు పిలిచారా? పిలిస్తే ఎవరైనా వచ్చారా? ఈ మెట్లలో మీ కాలువ ఏ మెట్టు మీద ఆగిందో తెలిస్తే ఎవరిని అడగాలో తెలుస్తుంది. తెలియకపోతే “చూద్దాం అమ్మా” అన్నదే సమాధానం.

ఇంకో తేడా గమనించండి. ఉన్న కాలువలో పూడిక తీయడం వేరు, లేని కాలువ కట్టడం వేరు. పూడికతీత రోజువారీ పారిశుద్ధ్య పని. దానికి టెండరు అక్కర్లేదు. కాబట్టి అర్జీలో రెండూ కలిపి రాయకండి. కలిపితే సులువైన పని కూడా కష్టమైన పని వెనకాల వరుసలో నిలబడుతుంది. పూడికకు ఒక కాగితం, కాలువ పొడిగింపుకు మరో కాగితం.

ఆ కాగితాలు ఎక్కడ ఇవ్వాలి? 2019 అక్టోబరు 2 నుంచి మన రాష్ట్రంలో వార్డు సచివాలయాలు ఉన్నాయి. అక్కడ పారిశుద్ధ్యానికి ఒక కార్యదర్శి, నీళ్లు, రోడ్లు, కాలువల వంటి వసతులకు మరో కార్యదర్శి ఉంటారు. ముందు అక్కడ ఇచ్చి రసీదు తీసుకోండి. రసీదు లేని అర్జీ అర్జీ కాదు, విన్నపం. దాని నకలు కౌన్సిలర్‌కు ఇచ్చి, వచ్చే సమావేశంలో అడగమని కోరండి. కదలిక లేకపోతే సోమవారం అర్జీలు తీసుకునే వేదిక ఉంది, కలెక్టరేట్‌కు వెళ్లినా అక్కడ నమోదవుతుంది. కొందరు మొదటి రోజే కలెక్టర్ దగ్గరికి వెళ్తారు. ఆ కాగితం తిరిగి తిరిగి చివరికి అదే ఏఈ బల్ల మీదికి వస్తుంది. కింది రసీదు చేతిలో ఉంచుకుని పైకి వెళ్తే ఆ కాగితానికి బరువు వేరు.

ఇందులో కౌన్సిలర్‌తో పని లేనివీ ఉన్నాయి. జనన ధ్రువపత్రానికి, ఇంటి పన్ను పేరు మార్పిడికి ఎవరి సిఫారసూ అక్కర్లేదు. ఆర్ అండ్ బీ రోడ్డు మీద గుంటకు కౌన్సిల్ బాధ్యత కాదు. కరెంటు స్తంభం విద్యుత్ సంస్థది, దాని మీద వెలిగే వీధి దీపం మున్సిపాలిటీది. జనం అన్నిటికీ కౌన్సిలర్ ఇంటికే వెళ్లి, ఆమె చేయలేనివి అడిగి, చేయగలిగింది మాత్రం అడగకుండా వచ్చేస్తారు.

ఏ పార్టీ అని అడుగుతారన్న మీ పక్కింటివారి భయం ఉత్తిది కాదు. పుర ఎన్నికలు పార్టీ గుర్తుల మీదే జరుగుతాయి, అడిగేవాళ్లు అడుగుతారు. ఒంటరిగా వెళ్లిన మనిషిని మాత్రమే ఆ ప్రశ్న అడగడం సులువు. ఒక వీధిలో ఇరవై ఇళ్లుంటే అందులో మూడు పార్టీల వాళ్లూ ఉంటారు. ఆ ఇరవై సంతకాల కాగితాన్ని చూసి ఎవరిదని అడుగుతారు? మీ వీధిలో పొదుపు సంఘం తప్పకుండా ఉండి ఉంటుంది. నెలనెలా కూర్చునే ఆడవాళ్లు, లెక్కలు రాయడం వచ్చినవాళ్లు, బ్యాంకు మేనేజరుతో మాట్లాడడం అలవాటైనవాళ్లు. కొత్తగా కాలనీ సంఘం పెట్టి, అధ్యక్షుడెవరని కొట్టుకోవడం కంటే ఇది మేలు. వాళ్ల సమావేశంలో ఒక పావుగంట మీ కాలువకు అడగండి.

సంతకాలతో పాటు సాక్ష్యం కూడా పోగు చేయండి. “నీళ్లు చాలా వస్తున్నాయి” అన్న మాటకు ఇంజినీరు లెక్కలో చోటు లేదు. పాత ఇళ్లవాళ్లను అడగండి: 2014 అక్టోబరులో హుద్‌హుద్‌కు నీళ్లు ఎంతవరకు వచ్చాయి? 2021 సెప్టెంబరు గులాబ్ తుపానుకు? ఎవరో ఒకరు గోడ చూపించి “ఇదిగో ఇక్కడికి” అంటారు. అక్కడ బొగ్గుతో గీత గీసి, పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయండి. నీళ్లు ఎటు నుంచి వచ్చాయి, ఎన్ని గంటలు నిలిచాయి, ఏ ఇళ్ల నుంచి సామాను బయటికి మోశారు, ఒక పేజీలో రాయండి. కాలువ ఎంత లోతు, ఎంత వెడల్పు ఉండాలో తేలేది ఇలాంటి వివరాలతోనే.

ఇప్పుడు కాస్త చేదు మాట. మీ ఇంటి ముందు ర్యాంపు ఉందా? మీ ఉత్తరంలో ఆ సంగతి లేదు. నేను చూసిన “సగంలో ఆగిన కాలువల్లో” కొన్ని నిజంగా ఆగినవి కావు. వరసగా నాలుగు ఇళ్లవాళ్లు బండి ఎక్కించుకోవడానికి కాలువ మీద కాంక్రీటు పోసేశారు, కింద పూడిక తీయడానికి పార దూరదు. కొలతలకు వచ్చిన ఏఈ ముందు చూసేది అదే. “మీ ర్యాంపులు తీయండి, మేం కాలువ కడతాం” అంటాడు, వీధి వీధంతా మౌనం. అర్జీ పెట్టేముందు మీలో మీరు ఆ మాట తేల్చుకోండి. తీసి పెట్టగలిగే పలకలు వేసుకుంటామని అర్జీలోనే రాస్తే, అతని నోట మొదటి అభ్యంతరం రాకుండా పోతుంది.

సమయం కూడా చూసుకోవాలి. విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను తిరిగే దారిని గమనించారా? విజయదశమి తర్వాతి మంగళవారం సిరిమాను వస్తుందని ఊరందరికీ తెలుసు కాబట్టి, ఆ వారం ఆ దారి మీద గుంటలకు మోక్షం. తేదీ ఖాయమైతే ప్రభుత్వం కదులుతుంది. మీ కాలువకూ ఒక తేదీ ఉంది, అది బడ్జెట్. ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది, దానికి ముందే కౌన్సిల్ బడ్జెట్‌ను ఆమోదించాలి. అంచనాలు శీతాకాలంలోనే కూడుతుంటారు. జూలైలో నీళ్లలో నిలబడి అడిగితే అందరూ జాలిపడతారు. డిసెంబరులో ఎండ కాసే కాలువ పక్కన నిలబడి అడిగితే పుస్తకంలోకి ఎక్కుతుంది. వానాకాలంలో ఫోటోలు తీయండి, చలికాలంలో అర్జీ పెట్టండి.

కౌన్సిల్ సమావేశం చూడాలని ఉంటే కార్యాలయంలో తేదీ కనుక్కుని, ముందుగా అడిగి వెళ్లండి. ఒక్కసారి చూసినా చాలు. మీ కౌన్సిలర్ నోరు విప్పుతారా లేదా అని గ్యాలరీలో నలుగురు ఆడవాళ్లు కూర్చుని చూస్తున్నప్పుడు ఆమె తప్పకుండా విప్పుతారు. అక్కడ ఏం చెప్పారో తర్వాత సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. 2005 చట్టం అది. పది రూపాయల రుసుము, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అదీ అక్కర్లేదు, ముప్పై రోజుల్లో సమాధానం ఇవ్వాలి. “కాలువ ఎందుకు కట్టలేదు” అని అడగకండి, ఎందుకు అన్న ప్రశ్నకు కాగితం ఉండదు. “ఫలానా సమావేశం తీర్మానం నకలు, ఫలానా పని ఎస్టిమేటు నకలు, ఎం-బుక్ నకలు” అని అడగండి. ఎం-బుక్ అంటే ఎంత పొడవు పని చేశారో కొలిచి రాసే పుస్తకం. మీ కాలువ కాగితం మీద ఎప్పుడో పూర్తయి ఉంటే ఆ సంగతి కూడా అందులోనే బయటపడుతుంది. అలాంటివీ చూశాను.

వార్డు కమిటీలు ఉంటాయట కదా అని మీరు ఎక్కడైనా చదివి ఉండవచ్చు. రాజ్యాంగం వాటిని మూడు లక్షలు, ఆపై జనాభా ఉన్న పట్టణాలకు తప్పనిసరి చేసింది. 2011 లెక్కల ప్రకారం విజయనగరమే ఆ గీత కింద ఉంది, ఇక మీ పట్టణం సంగతి చెప్పాలా? కమిటీ కోసం ఎదురుచూస్తూ కూర్చోకండి.

ఇంకో సంగతి గుర్తుంచుకోండి. ఏ పాలకవర్గం గడువైనా ఐదేళ్లే. గడువు తీరి, ఎన్నికలు ఆలస్యమైతే మీ కొత్త ఊరికీ మీ పుట్టింటి అనుభవమే, కౌన్సిల్ బదులు ప్రభుత్వం పెట్టే ప్రత్యేకాధికారి వస్తారు. అడగడానికి కౌన్సిలర్ ఉండరు. తీర్మానం మాత్రం ఎక్కడికీ పోదు. మినిట్స్ పుస్తకంలోకి ఎక్కిన పనిని ప్రత్యేకాధికారి ముందు పెట్టడం సులువు, నోటిమాటగా మిగిలిన పనిని మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. అందుకే ఉన్నన్నాళ్లు ఆమెతో అడిగించండి.

మీ ఓటు ఇక్కడికి తెచ్చుకోండి. ఇల్లు మారినవాళ్లకు ఫారం 8. బూత్ స్థాయి అధికారికి ఇచ్చినా సరే, ఆన్‌లైన్‌లో పెట్టినా సరే. పుర ఓటర్ల జాబితా తయారయ్యేది అసెంబ్లీ జాబితా నుంచే. మీరు ఇంటి పన్ను కట్టేది ఇక్కడ, ఓటు శ్రీకాకుళంలో. కౌన్సిలర్ గారి భర్త చేతిలో కూడా ఓటర్ల జాబితా ఒకటి ఉంటుంది, మీరు ఫోను పెట్టేశాక ఆయన ముందు చూసేది అదే. ఆ జాబితాలో పేరు ఉంటే పోటీ కూడా చేయవచ్చు. ఇరవై ఒక్క ఏళ్లు నిండి ఉండాలి. ఇప్పుడే ఆ ఆలోచన చేయమని అనడం లేదు. ముందు ఒక కాలువ కట్టించి చూడండి, ఆ పని మీకు సరిపడుతుందో లేదో అందులోనే తెలిసిపోతుంది.

మీ అత్తగారిది ఆ ఊరేనా? అయితే “మనకెందుకమ్మా” అన్నందుకు ఆమె మీద చిన్నబుచ్చుకోకండి. మీ వీధి పడకముందు అక్కడ నీళ్లు ఏ గెడ్డలోకి పారేవో, ఆ గెడ్డ మీద మొదట ఎవరు మట్టి పోశారో ఏఈ దగ్గర ఉన్న మ్యాపులో ఉండకపోవచ్చు, ఆమెకు గుర్తుండి ఉంటుంది. అతను కొలతలకు వచ్చిన రోజున వాకిట్లో ఆమెకు కుర్చీ వేయండి.